రెండు సాకెట్ల సర్వర్ బోర్డులో ప్రాసెసర్లు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ముఖ్యంగా ఇంటెల్ జియాన్ ఈ5-2600 వీ3, వీ4 (మూడో, నాలుగో తరం) ప్రాసెసర్లకు, అవి పట్టే ఎల్‌జీఏ 2011-3 సాకెట్ బోర్డులకు సంబంధించినవి. వీ3 2014 సెప్టెంబరులో, వీ4 2016 మార్చి చివర్లో వచ్చాయి. కొత్త సాకెట్లలో ఏం మారిందో చివర్లో చెప్పాం.

నా బోర్డుకు ఏ ప్రాసెసర్ పడుతుందో ఎలా తేల్చుకోవాలి?

బోర్డు తయారీదారు ఇచ్చిన ప్రాసెసర్ల జాబితా చూడండి. ఆ ఒక్క జాబితాలోనే సాకెట్, తరం, వాట్లు, ఏ బయోస్ (బోర్డును మొదట లేపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి పనిచేస్తుందన్న సంగతి అన్నీ తేలిపోతాయి. బోర్డు మీద ముద్రించిన మోడల్ పేరుతో పాటు రివిజన్ నంబర్ కూడా రాసుకోండి. కొన్ని బోర్డుల్లో పాత రివిజన్‌కు ఒక జాబితా, కొత్తదానికి మరొకటి ఉంటుంది. జాబితాలో లేని ప్రాసెసర్ గురించి "మా దగ్గర నడిచింది" అని ఎవరు చెప్పినా, డబ్బు పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

"2011" అని ఉంటే చాలుగా? వీ2 ప్రాసెసర్ వీ3 బోర్డులో పట్టదా?

పట్టదు. 2011 పిన్నుల సాకెట్లు మూడు రకాలు. ఈ5 వీ1, వీ2లకు మామూలు ఎల్‌జీఏ 2011, డీడీఆర్3 ర్యామ్, సీ602 చిప్‌సెట్. ఈ5 వీ3, వీ4లకు 2011-3, డీడీఆర్4, సీ612 చిప్‌సెట్. ఈ7 వీ2, ఆ తర్వాతి ఈ7లకు 2011-1. ఒకదాని ప్రాసెసర్ మరోదానిలో కూర్చోకుండా అంచుల్లోని గాడులు వేర్వేరు చోట్ల పెట్టారు. ప్రాసెసర్ తేలిగ్గా కూర్చోవడం లేదంటే చాలాసార్లు కారణం ఇదే. నొక్కితే కూర్చోదు, పిన్నులు వంగుతాయి.

ఈ5-1650 వీ3 చవగ్గా దొరుకుతోంది. రెండు కొని వేయొచ్చా?

వేయకూడదు. మోడల్ నంబర్లో మొదటి అంకె, ఒక యంత్రంలో ఎన్ని ప్రాసెసర్ల దాకా కలిపి వాడొచ్చో చెబుతుంది. 1600 వరస ఒంటరిగానే నడుస్తుంది, 2600 వరస రెండు దాకా, 4600 వరస నాలుగు దాకా. రెండు ప్రాసెసర్లు మాట్లాడుకునే క్యూపీఐ లింకు 1600 వరసలో వాడుకకు ఉండదు. అదే సాకెట్లో పట్టే కోర్ ఐ7-5820కె లాంటివాటిదీ ఇదే కథ. పైగా ఆ కోర్ ఐ7లు సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ ర్యామ్‌ను తీసుకోవు.

రెండు ప్రాసెసర్లూ ఒకే మోడల్ అయ్యుండాలా?

అయ్యుండాలి. ఒకటి 2680 వీ4, ఇంకోటి 2690 వీ4 పెడదాం, రెండూ 14 కోర్లేగా అనే ఆలోచన మానుకోండి. ఒకటి వీ3, ఒకటి వీ4 అయితే అసలు మొదలే కాదు.

మోడల్‌తో పాటు లోహపు మూత మీద ఎస్‌ఆర్ అని మొదలయ్యే అయిదక్షరాల కోడ్ కూడా కలవాలి. 2680 వీ4కి అది ఎస్‌ఆర్2ఎన్7, 2620 వీ4కి ఎస్‌ఆర్2ఆర్6. జతగా అమ్ముతున్నారంటే రెండింటి ఫొటోలూ అడగండి. ఒకే ఫొటోను రెండుసార్లు పంపడం కొత్తేం కాదు. అందుకే కింద ఉండే బ్యాచ్ నంబర్లు వేరుగా ఉన్నాయా అని కూడా చూడండి. బ్యాచ్ వేరైతే ఇబ్బందేమీ లేదు.

సెకండ్ హ్యాండ్ ప్రాసెసర్ కొనేటప్పుడు ఇంకా ఏం చూడాలి?

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో చేతికి తీసుకుని కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా చూడాల్సినవి ఒకటే. మూత మీద "కాన్ఫిడెన్షియల్" అన్న ముద్ర, క్యూ అక్షరంతో మొదలయ్యే కోడ్ ఉంటే అది ఇంజినీరింగ్ శాంపిల్. ధర తక్కువే కానీ బయోస్ దాన్ని గుర్తించకపోవచ్చు, గుర్తించినా కొన్ని ఫీచర్లు ఆగిపోవచ్చు. సర్వర్‌కు అలాంటిది వద్దు.

తర్వాత తిప్పి అడుగు భాగం చూడండి. బంగారు రంగు ప్యాడ్లన్నీ ఒకే మెరుపుతో ఉండాలి. నల్లగా కాలిన మచ్చ, గీత, పేస్ట్ మరక ఉంటే ధర తగ్గించమని అడగడం కాదు, వేరే పీస్ అడగండి. అడుగున మధ్యలో ఉండే చిన్న చిన్న కెపాసిటర్లలో ఒకటి ఊడిపోయి ఉన్నా అంతే. పచ్చబోర్డు మూలలు విరిగాయా, వంగాయా అన్నదీ చూసుకోండి.

వీ3 తీసేసి వీ4 పెడితే స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు. ప్రాసెసర్ పోయినట్టేనా?

అంత త్వరగా తేల్చేయకండి. ముందు బయోస్ సంగతి చూడండి. బోర్డు వీ3 కాలంలో తయారైతే అందులోని బయోస్‌కు వీ4 అంటే ఏమిటో తెలియదు. ఉదాహరణకు సూపర్‌మైక్రో ఎక్స్10డీఆర్ఐ బోర్డుకు వీ4 కోసం బయోస్ 2.0 లేదా ఆపైది కావాలి. ఫ్యాన్లు గట్టిగా తిరుగుతూ, స్క్రీన్ నల్లగా ఉంటూ, రిమోట్ మేనేజ్‌మెంట్ పేజీ మాత్రం తెరుచుకుంటోందంటే అనుమానం దాదాపు ఇటే పోవాలి. ఆ మేనేజ్‌మెంట్ చిప్ స్టాండ్‌బై కరెంటుతో విడిగా నడుస్తుంది కాబట్టి ప్రాసెసర్ లేవకపోయినా అది లేస్తుంది.

వరస ఇలా ఉండాలి: పాత వీ3 బోర్డులో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, ఒకసారి రీబూట్ చేసి వెర్షన్ మారిందని కళ్లారా చూసుకోవాలి, ఆ తర్వాతే విప్పాలి. వీ3 ముందే అమ్మేసుకుంటే మిగిలే దారి రిమోట్ మేనేజ్‌మెంట్ ద్వారా అప్‌డేట్ చేయడం. కానీ సూపర్‌మైక్రో ఎక్స్10 బోర్డుల్లో ఆ దారికి విడిగా లైసెన్సు కీ కావాలి. అది కొనడం కన్నా చవకరకం 2603 వీ3 ఒకటి పక్కన ఉంచుకోవడం మేలు.

ఒక్క ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, రెండోది తర్వాత వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ ఆ ఒక్కటీ సీపీయూ1 అని రాసి ఉన్న సాకెట్లోనే ఉండాలి. రెండో సాకెట్‌కు కలిపిన ర్యామ్ స్లాట్లు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లు అప్పటిదాకా పనిచేయవు. ఒక్కో ప్రాసెసర్‌కు 40 పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 లేన్లు ఉంటాయి, అవి తమ తమ స్లాట్లకే పోతాయి. గ్రాఫిక్స్ కార్డో, నెట్‌వర్క్ కార్డో కనిపించడం లేదని తిప్పలు పడేముందు ఆ స్లాట్ పక్కన సీపీయూ1 అని ఉందో, సీపీయూ2 అని ఉందో చదవండి.

ఖాళీ సాకెట్ మీది ప్లాస్టిక్ మూత తీయకండి. ర్యాక్ సర్వర్లలో ఖాళీ చోటును మూసే డమ్మీ కూడా తీయకూడదు. తీస్తే గాలి అటుగా పారిపోయి ఉన్న ప్రాసెసర్ వేడెక్కుతుంది. కొన్ని బ్రాండెడ్ సర్వర్లకు రెండో ప్రాసెసర్‌తో పాటు అదనపు ఫ్యాన్లు కూడా కావాలి. అవి లేకపోతే యంత్రం ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. కాబట్టి ప్రాసెసర్ ఒక్కటే కాక మొత్తం కిట్‌లో ఏమేం ఉంటాయో మాన్యువల్లో చూసి కొనండి.

హీట్‌సింక్ కొన్నాను, స్క్రూ రంధ్రాలు కలవడం లేదు. ఎందుకని?

ఈ సాకెట్ చుట్టూ ఉండే ఇనుప చట్రం రెండు కొలతల్లో వస్తుంది. స్క్వేర్ రకంలో రంధ్రాల మధ్య దూరం 80 × 80 మిల్లీమీటర్లు, నారో రకంలో 56 × 94. ఒకదాని హీట్‌సింక్ మరోదానికి పట్టదు. కొనే ముందు స్కేలు పెట్టి కొలవండి, పది సెకన్ల పని. డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ సర్వర్లలో హీట్‌సింక్ ఆ మోడల్‌దే తీసుకోవాలి.

వాట్లు కూడా చూడాలి. 2620 వీ4 85 వాట్లు, 2680 వీ4 120, 2699 వీ4 145, వర్క్‌స్టేషన్ల కోసం చేసిన 2687డబ్ల్యూ వీ4 160. ఒక యూనిట్ ఎత్తుండే సర్వర్‌లోని పలచటి హీట్‌సింక్‌తో 85 వాట్ల చిప్ హాయిగా నడిచింది కదా అని అక్కడే 145 వాట్లది పెడితే పని ఎక్కువైనప్పుడల్లా వేగం తగ్గించుకుంటుంది.

బిగించే పద్ధతి మొదటి నుంచి చెప్పండి.

కరెంటు తీగలన్నీ పీకండి. పవర్ సప్లైలు రెండు ఉంటే రెండూ. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన చార్జ్ పోతుంది. స్టాండ్‌బై లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. చేతికి ఎర్తింగ్ పట్టీ కట్టుకుని, దాని క్లిప్‌ను రంగు లేని ఛాసిస్ లోహానికి తగిలించండి.

సాకెట్‌కు రెండు లీవర్లుంటాయి. ఒకదాని మీద "ఓపెన్ ఫస్ట్" అని, రెండోదాని మీద "క్లోజ్ ఫస్ట్" అని గానీ, తాళం బొమ్మ గానీ ఉంటుంది. ముందు "ఓపెన్ ఫస్ట్" లీవర్‌ను కిందికి నొక్కి, పక్కకు జరిపి, పైకి వదలండి. తర్వాత రెండోది. మొదటి లీవర్‌ను మళ్లీ మెల్లిగా కిందికి నొక్కితే లోడ్ ప్లేట్ అంచు పైకి లేస్తుంది, దాన్ని పట్టుకుని పూర్తిగా తెరవండి.

ఇక్కడ ఒక నిమిషం ఆగి, సెల్‌ఫోన్ లైటును పక్కనుంచి ఏటవాలుగా వేసి పిన్నులు చూడండి. అన్నీ వరసగా, ఒకే తీరుగా మెరవాలి. ఒక్కచోట మెరుపు తేడాగా ఉంటే అక్కడ పిన్ను వంగిందనో, చెత్త పడిందనో అర్థం. ప్రాసెసర్ పెట్టకముందే ఫొటో తీసి ఉంచుకోండి, తర్వాత వారంటీ గొడవ వస్తే ఉపయోగపడుతుంది.

ప్రాసెసర్‌ను బొటనవేలు, చూపుడువేలితో అంచుల మీదే పట్టుకోండి. మూలనున్న బంగారు రంగు త్రికోణం సాకెట్ మీది త్రికోణానికి ఎదురుగా రావాలి, అంచుల్లోని గాడులు సాకెట్‌లోని బొడిపెలతో కలవాలి. నిటారుగా దించి వదిలేయండి. జరపడం, రుద్దడం, వేలితో అదమడం ఏదీ వద్దు. తన బరువుతో తానే కూర్చోవాలి. కూర్చుందో లేదో తెలియకపోతే అంచులు నాలుగు వైపులా ఒకే ఎత్తులో ఉన్నాయా అని పక్కనుంచి చూడండి.

ప్లేట్ మూసి, ఈసారి "క్లోజ్ ఫస్ట్" లీవర్‌ను ముందు దించి కొక్కేనికి తగిలించండి, తర్వాత "ఓపెన్ ఫస్ట్". లీవర్ దించేటప్పుడు కాస్త గట్టిగానే ఉంటుంది, చిన్న కిర్రు శబ్దం కూడా రావచ్చు. అందులో భయపడాల్సిందేమీ లేదు. ప్లేట్ మీదున్న ప్లాస్టిక్ మూతను తీసి పారేయకండి. బోర్డు ఎప్పుడైనా వారంటీకి పంపాల్సి వస్తే ఆ మూత లేకుండా తీసుకోరు.

పేస్ట్ ఎంత వేయాలి? ఎలా తుడవాలి?

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు రాలని గుడ్డతో రెండు ఉపరితలాలూ తుడిచి ఆరనివ్వండి. ప్రాసెసర్ లోహపు మూత మధ్యలో శనగగింజంత చాలు, ఈ మూత పెద్దది కాబట్టి కావాలంటే నాలుగు మూలల వైపు చిన్న చుక్కలు పెట్టొచ్చు. కొత్త సర్వర్ హీట్‌సింక్ అడుగున ముందే బూడిదరంగు పొర అంటించి ఉంటే దాని మీద మళ్లీ పేస్ట్ వేయకూడదు.

హీట్‌సింక్‌ను ఒకేసారి నిటారుగా దించండి. నాలుగు స్క్రూలనూ ముందు వేళ్లతో పట్టించి, తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ రెండేసి చుట్లు తిప్పుతూ పోండి. ఆగినచోట ఆపేయండి. ఒక మూల పూర్తిగా బిగించి రెండోదానికి పోతే ఒత్తిడి ఏకపక్షమై కొన్ని ర్యామ్ ఛానెళ్లు (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు పోయే దారులు) మాయమవుతాయి. అప్పుడు ప్రాసెసర్‌నూ ర్యామ్‌నూ తిట్టుకోవడమే గానీ స్క్రూల మీదికి అనుమానం పోదు.

పవర్ కేబుళ్ల సంగతి?

ప్రాసెసర్ల కోసం బోర్డు మీద రెండు 8 పిన్నుల కనెక్టర్లుంటాయి, రెండూ పెట్టాలి. ఒకటే పెడితే రెండో ప్రాసెసర్‌కు కరెంటే అందకపోవచ్చు. మామూలు పీసీ పవర్ సప్లైలో ఇలాంటిది ఒకటే ఉండి, గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల కేబుల్ మిగిలి ఉంటుంది. దాన్ని ఇక్కడ పెట్టే ప్రయత్నం చేయకండి. రెండింటిలో 12 వోల్టుల వరస, గ్రౌండ్ వరస తారుమారుగా ఉంటాయి. ఆకారం వేరు కాబట్టి మామూలుగా దూరదు. బలవంతంగా దూరిస్తే బోర్డు కాలుతుంది.

ర్యామ్ ఎలా పంచాలి?

ఒక్కో ప్రాసెసర్‌కు నాలుగు ఛానెళ్లు. కాబట్టి పూర్తి వేగానికి కనీసం ఎనిమిది స్టిక్కులు కావాలి, ఒక్కో వైపు నాలుగు. 2400 వేగంతో నాలుగు ఛానెళ్లూ నిండితే ఒక్కో ప్రాసెసర్‌కు సెకనుకు 76.8 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ వస్తుంది, ఒక్క స్టిక్కుతో అయితే 19.2 మాత్రమే. 64 జీబీ స్టిక్కు ఒకటి కన్నా 16 జీబీవి నాలుగు మేలు.

సూపర్‌మైక్రో బోర్డుల్లో పీ1 అని మొదలయ్యే స్లాట్లు మొదటి ప్రాసెసర్‌వి, పీ2వి రెండోదానివి. ప్రతి ఛానెల్లో 1 అంకె ఉన్న స్లాట్ ముందు నింపండి. ఆర్‌డిమ్ (రిజిస్టర్డ్ ర్యామ్), ఎల్‌ఆర్‌డిమ్ (లోడ్ తగ్గించే రకం) కలపకూడదు. రెండో ప్రాసెసర్ వైపు ర్యామ్ అసలే పెట్టకపోతే కొన్ని బోర్డులు లేవవు. లేచినా ఆ ప్రాసెసర్ ప్రతి బైటుకూ క్యూపీఐ దాటి పక్కింటికి పోవాల్సిందే.

2400 ర్యామ్ 2133 దగ్గరే ఆగిందని కంగారు పడకండి. 2620 వీ4 తీసుకునేదే 2133. 2603 వీ4కైతే 1866.

మొదటిసారి ఆన్ చేశాక చాలాసేపు నల్ల స్క్రీనే. ఆపేయనా?

ఆపకండి. ర్యామ్ ఎక్కువగా ఉన్న సర్వర్ మొదటిసారి మెమరీ సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ కూడా కావచ్చు. పది నిమిషాలు దాటినా ఏమీ రాకపోతే అప్పుడు ఆపి, కరెంటు పీకి, సీమాస్ క్లియర్ చేయండి, అంటే బయోస్ సెట్టింగులు చెరిపి మొదటికి తేవడం. సూపర్‌మైక్రోలో జేబీటీ1 అని రాసి ఉన్న రెండు ప్యాడ్లను స్క్రూడ్రైవర్ మొనతో కలపడమే, కానీ కరెంటు తీగ పీకాకే.

రెండో ప్రాసెసర్ కనిపించడం లేదు.

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. తేలికైనవి ముందు చూడండి: రెండో 8 పిన్నుల కేబుల్, బయోస్ వెర్షన్, రెండింటి కోడ్‌లు, ఆ వైపు ర్యామ్. అన్నీ సరిగ్గా ఉంటే రెండు ప్రాసెసర్లనూ సాకెట్లు మార్చి పెట్టండి. అప్పుడు యంత్రం అసలు లేవకపోతే లోపం ప్రాసెసర్‌ది, ఎందుకంటే చెడిపోయినది ఇప్పుడు మొదటి సాకెట్లో ఉంది. మునుపటిలాగే రెండో సాకెట్ ఒక్కటే కనిపించకపోతే లోపం సాకెట్‌దో, దాని కరెంటు సరఫరాదో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొత్త ప్రాసెసర్ కొనకండి.

బయోస్‌లో రెండూ కనిపించి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒకటే కనిపిస్తోందంటే అది లైసెన్సు సంగతి. విండోస్ 10 హోమ్ ఒక ప్రాసెసర్‌నే వాడుతుంది, ప్రో అయితే రెండు. విండోస్ 11 అధికారిక జాబితాలో ఈ తరం ప్రాసెసర్లు లేవు. లినక్స్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ ఇచ్చి సాకెట్ల వరసలో 2 ఉందా చూడండి. విండోస్ సర్వర్ వేసేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. లైసెన్సు కోర్ల చొప్పున ఉంటుంది, 2680 వీ4 జతకు 28 కోర్లకు కొనాలి. కొన్నిసార్లు చిప్పుల ఖరీదు కన్నా ఇదే ఎక్కువ.

న్యూమా నోడ్‌లు నాలుగు చూపిస్తోంది. ఉన్నవి రెండే కదా?

న్యూమా నోడ్ అంటే కొన్ని కోర్లు, వాటికి దగ్గరి ర్యామ్ కలిసిన గుంపు. బయోస్‌లో క్లస్టర్ ఆన్ డై అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. కోర్లు ఎక్కువున్న చిప్పుల్లో అది ఒక్కో ప్రాసెసర్‌ను రెండు భాగాలుగా చూపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకునే రకం కాకపోతే ఆపేయండి.

64 జీబీలో 48 జీబీయే కనిపిస్తోంది. ర్యామ్ పోయిందా?

కనిపించని స్టిక్కును వేరే స్లాట్‌లోకి మార్చండి. స్టిక్కు అక్కడ పనిచేసి, పాత స్లాట్‌లో ఏది పెట్టినా పనిచేయకపోతే ర్యామ్ మంచిదే. మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆ ఛానెల్‌కు పోయే సాకెట్ పిన్ను వంగి ఉండాలి, లేదా ప్యాడ్ మీద పేస్ట్ అంటుకుని ఉండాలి. హీట్‌సింక్ స్క్రూలు వదులు చేసి సమంగా బిగిస్తేనే కొన్నిసార్లు తిరిగి వస్తుంది.

పిన్ను వంగింది. సరిచేయవచ్చా?

ఒకటి రెండైతే వీలుంది. భూతద్దం, బలమైన లైటు, సన్నటి సూది, లేదా ములుకు తీసేసిన 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ చాలు. పక్క వరసలోని పిన్నులు ఏ వైపు వాలి ఉన్నాయో చూసి అదే కోణానికి తేవాలి, నిటారుగా నిలబెట్టకూడదు. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా జరపండి. అటూ ఇటూ రెండుమూడుసార్లు వంచితే విరుగుతుంది. విరిగినా, పదుల సంఖ్యలో వంగినా సాకెట్ మార్చగలిగే రీవర్క్ మెషీన్ ఉన్న షాపుకు ఇవ్వాలి. ఆ ఖర్చుకు పాత బోర్డే రావచ్చు, అడిగి చూసుకోండి.

ఒక ప్రాసెసర్ ఇంకోదానికన్నా వేడిగా ఉంటోంది.

ఒకదాని వెనక ఒకటి ఉండే బోర్డుల్లో ముందుదాని వేడి గాలే వెనకదానికి పోతుంది, కొన్ని డిగ్రీల తేడా మామూలే. తేడా బాగా ఎక్కువగా ఉంటే గాలిని మళ్లించే ప్లాస్టిక్ తొడుగు పెట్టారా, పేస్ట్ సరిగ్గా పరుచుకుందా చూడండి. ఫ్యాన్ లేని సర్వర్ హీట్‌సింక్‌ను మామూలు టవర్ క్యాబినెట్‌లో పెట్టి, వెనకాల ఒక ఫ్యాన్ తిప్పితే సరిపోదు, గాలి దాని రెక్కల సందుల్లోంచే పోవాలి. చాలా సర్వర్లను లోపలికి వచ్చే గాలి 35 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుందన్న లెక్కతో తయారుచేస్తారు. మే నెలలో ఏసీ లేని గదిలో పెట్టేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకుని, తర్వాత 145 వాట్ల చిప్పుల గురించి ఆలోచించాలి.

కొత్త సాకెట్లకూ ఇదే పద్ధతేనా?

కాదు. 2017లో వచ్చిన జియాన్ స్కేలబుల్ ప్రాసెసర్ల ఎల్‌జీఏ 3647 సాకెట్లో లీవర్లు లేవు. ప్రాసెసర్‌ను ప్లాస్టిక్ క్లిప్‌తో ముందు హీట్‌సింక్‌కు తగిలించి, రెండింటినీ కలిపి సాకెట్ మీద దించాలి. స్క్రూలకు టీ30 టార్క్స్ బిట్, 12 ఇంచ్-పౌండ్ల బిగువు, అంకెలు వేసిన వరసలో బిగించాలి. ఛానెళ్లు ఆరు. ఇక్కడా నారో, స్క్వేర్ తేడా ఉంది. గోల్డ్ 6212యూ లాగా చివర యూ అక్షరం ఉన్నవి ఒంటరి ప్రాసెసర్లు, రెండు సాకెట్లకు పనికిరావు.

ఏఎండీ ఎపిక్‌లో ఆ గుర్తు పీ అక్షరం, ఉదాహరణకు 7551పీ. ఆ ఎస్‌పీ3 సాకెట్ చట్రాన్ని టీ20 బిట్‌తో 1, 2, 3 వరసలో బిగించి, 3, 2, 1 వరసలో విప్పాలి. సెకండ్ హ్యాండ్ ఎపిక్ కొనేవాళ్లు ఇంకోటి అడగాలి: అది ఇంతకుముందు ఏ సర్వర్‌లో ఉంది? ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న బ్రాండెడ్ సర్వర్‌లో ఒక్కసారి బూటైతే చిప్‌లోని ఫ్యూజులు ఆ తయారీదారుకు కట్టుబడిపోతాయి, తర్వాత వేరే కంపెనీ బోర్డులో లేవదు. దాన్ని వెనక్కి తిప్పే మార్గం లేదు కాబట్టి "లాక్ కాని చిప్, పనిచేయకపోతే వాపసు" అని బిల్లు మీద రాయించుకోండి.